వరంగల్ వీధులకు గట్టి చెట్టు ఏది? ఎల్మ్ నేర్పిన పాఠం, మన నెమలినార చెట్టు సంగతి

తొలకరి పడగానే వరంగల్‌లో మొక్కల ట్రాలీలు తిరగడం మొదలవుతుంది. డివైడర్ల మీద, పార్కుల్లో, చెరువుల పక్కన, కాలనీ సందుల్లో గుంతలు తీస్తారు, నర్సరీలో ఆ రోజు ఏది ఎక్కువుంటే అది తెచ్చి పెడతారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. ఏ మొక్క పెడదామని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: చావనిది, గట్టిది ఏదైనా పెట్టండి. బాగానే ఉంది, కానీ దేనికి గట్టిది? మే నెల ఎండకా, ఆగస్టులో వారం రోజులు నీళ్లు నిలిస్తే ఆగడానికా, గాలి దుమారానికా, తెగుళ్లకా, లైన్‌మెన్ కత్తికా? అన్నిటికీ గట్టిగా నిలబడే చెట్టు ఎక్కడా లేదు. ఒకదానికి గట్టిది ఇంకొకదానికి మెత్తన. ఆ సంగతి పట్టించుకోకుండా చెట్టును ఎంచితే పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఎవరో ఒకరు రంపం పట్టుకుని రావాల్సిందే.

ఈ విషయంలో అందరికంటే గట్టి దెబ్బ తిని, అందరికంటే ఎక్కువ నేర్చుకున్నది ఎల్మ్ చెట్లు పెంచిన యూరప్, అమెరికా ఊళ్లు. వందేళ్ల కిందట అక్కడ వీధి చెట్టంటే ఎల్మే. తొక్కీ తొక్కీ గట్టిపడ్డ నేలలోనూ, రోడ్డు పక్క దుమ్ములోనూ బతికేది. ముఖ్యంగా అమెరికన్ ఎల్మ్ కొమ్మలు ముందు నిటారుగా లేచి ఆ తర్వాత రోడ్డు మీదికి వంగుతాయి కాబట్టి, రెండు వైపులా వరసగా పెడితే కింద బండ్లకు అడ్డం రాకుండా పైన పందిరి కలిసిపోయేది. ఇంకేం కావాలి? ఊరూరా, వీధి వీధికీ అదే చెట్టు పెట్టుకుంటూ పోయారు.

తర్వాత జబ్బు వచ్చింది. 1920ల మొదట్లో నెదర్లాండ్స్‌లో బెయా ష్వార్ట్స్ అనే పరిశోధకురాలు ఎండిపోతున్న ఎల్మ్‌లలో ఒక శిలీంధ్రాన్ని పట్టుకున్నారు. అదే కారణమని 1927లో క్రిస్టీన్ బ్యూస్మన్ అనే ఇంకో పరిశోధకురాలు అనుమానానికి తావు లేకుండా తేల్చారు. దీన్నే డచ్ ఎల్మ్ వ్యాధి అంటున్నారు. బెరడు కింద బతికే చిన్న పురుగు ఒంటికి అంటుకుని ఈ శిలీంధ్రం చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. లోపలికి దిగాక నీళ్లు పైకి పోయే గొట్టాల్లో పాకుతుంది. దాన్ని ఆపడానికి చెట్టు తన గొట్టాలను తానే మూసుకుంటుంది, అలా మూసుకున్నందుకే నీళ్లు అందక ఆకులు వాడి ఎండిపోతాయి. ఇంతకంటే దారుణమైన సంగతి ఇంకొకటుంది. దగ్గర దగ్గరగా పెట్టిన ఒకే జాతి చెట్ల వేర్లు నేల కింద ఒకదానికొకటి అతుక్కుంటాయి. అంటే పురుగుతో కూడా పని లేదు, వీధి మొదట్లో ఉన్న చెట్టుకు తగిలిన జబ్బు వేర్ల దారిన వరసంతా పాకిపోతుంది. 1930లో ఒహాయోలో బయటపడ్డ ఈ జబ్బు అమెరికా ఊళ్లలో వీధులకు వీధుల్నే బోడి చేసింది. 1960ల చివర్లో ఇంకా మొండి రకం శిలీంధ్రం కెనడా నుంచి దిగుమతైన దుంగలతో పాటు బ్రిటన్‌లో దిగింది. అక్కడ చచ్చిన ఎల్మ్‌ల లెక్క రెండున్నర కోట్ల పైమాటే.

అప్పటి నుంచి తట్టుకునే రకం కోసం వెతుకులాట మొదలైంది, వరంగల్ పాఠకుడికి పనికొచ్చే భాగం కూడా ఇక్కడే ఉంది. డచ్ వాళ్లు, అంటే నెదర్లాండ్స్ వాళ్లు, మొదట విడుదల చేసిన రకానికి క్రిస్టీన్ బ్యూస్మన్ పేరే పెట్టారు. జబ్బును తట్టుకుంది గానీ ఆకారం సరిగా రాలేదు, పైగా ఇంకో తెగులుకు లొంగిపోయింది. 1960లో కొమెలిన్ అనే రకం వచ్చింది, పాత శిలీంధ్రం మీద బాగానే నిలబడింది, అందరూ హమ్మయ్య అనుకుని విరివిగా పెట్టేశారు. పదేళ్లు తిరిగేసరికి కొత్త మొండి శిలీంధ్రం వచ్చి దాన్నీ తినేసింది. అమెరికాలో 1995లో నేషనల్ ఆర్బోరేటమ్ అనే చెట్ల పరిశోధన తోట విడుదల చేసిన వ్యాలీ ఫోర్జ్ అనే రకం పరీక్షల్లో అందరికంటే గట్టిది అనిపించుకుంది, కానీ చిన్నప్పుడు దాని కొమ్మలు ఎటు పడితే అటు వాలిపోతాయి, మొదటి ఏళ్లలో ఓపికగా కత్తిరించి దారిలో పెట్టకపోతే వీధికి పనికిరాదు. ప్రిన్స్‌టన్ అనే రకాన్ని 1922లో, అంటే ఆ దేశానికి జబ్బు రాకముందే, నిటారుగా అందంగా ఉందని ఒక నర్సరీ వాళ్లు ఎంచి పెట్టుకున్నారు, జబ్బును బాగా తట్టుకుంటుందన్నది తర్వాత బయటపడ్డ అదృష్టం. దానికీ ఒక లోపం ఉంది: కొమ్మల పంగలు మరీ ఇరుకు, గాలివానకు చీలుతాయి. సైబీరియన్ ఎల్మ్ సంగతి మరీ విచిత్రం. జబ్బుకు లొంగదు, చలికీ కరువుకీ బెదరదు, కానీ కట్టె పెళుసు, కొమ్మలు ఊరికే విరిగి పడతాయి. ఎక్కడ పడితే అక్కడ మొలిచి కలుపు చెట్టయిపోయిందని అమెరికా వాళ్లు తిట్టుకుంటారు.

అంటే ప్రయోగశాలలో మార్కులు తెచ్చుకున్న చెట్టు వీధిలో ఫెయిల్ కావచ్చు, ఒక జబ్బుకు గట్టిదన్న చెట్టు పదేళ్లకే ఇంకో జబ్బుకు పోవచ్చు. అందుకే ఫ్రాంక్ శాంటమోర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1990లో ఒక లెక్క చెప్పాడు. ఊళ్లో ఉన్న మొత్తం చెట్లలో ఒక జాతి 10 శాతం దాటొద్దు, ఒక ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, 20 శాతం దాటొద్దు, ఒక కుటుంబం, అంటే అలాంటి ప్రజాతుల గుంపు, 30 శాతం దాటొద్దు. ఇదేం వేదవాక్కు కాదు, దీని మీద వాదనలు చాలా ఉన్నాయి. కానీ మన మున్సిపాలిటీలు మొక్కల ఇండెంట్, అంటే కావాల్సిన మొక్కల జాబితా, రాసేటప్పుడు కనీసం ఈ ఒక్క లెక్క గోడకు అంటించి పెట్టుకున్నా చాలా పాపాలు తప్పేవి.

ఈ కథలో మన దేశం పాత్ర కూడా చిన్నదేం కాదు. కశ్మీర్ నుంచి నేపాల్ దాకా హిమాలయాల్లో పెరిగే ఒక ఎల్మ్ ఉంది, అల్మస్ వాలిచియానా. హాన్స్ హేబ్రూక్ అనే డచ్ శాస్త్రవేత్త దాన్ని తీసుకెళ్లి తమ చెట్లతో సంకరం చేశాడు. 1973లో వచ్చిన లోబెల్ లాంటి రకాల్లో ఆ హిమాలయ రక్తం ఉంది. 1995లో ఇంకో సంగతి బయటపడింది. హిమాలయాల్లో కూడా ఈ శిలీంధ్రానికి దగ్గరి చుట్టం ఒకటి ఎల్మ్‌ల మీదే బతుకుతోంది, కానీ అక్కడ చెట్లేమీ గుట్టలుగా చావట్లేదు. ఎంతో కాలంగా కలిసి బతికినవి ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. కొత్త చోటికి కొత్త జబ్బు దిగినప్పుడే ఊచకోత.

ఇక మన ఊరికి వద్దాం. ఈ పేర్లన్నీ చదివి ఎవరైనా ప్రిన్స్‌టన్ ఎల్మ్ తెప్పించి నక్కలగుట్టలో పెడదామనుకుంటే అది దండగ. అవి చలికాలం గట్టిగా ఉండే దేశాల చెట్లు. పెట్టుబడి పెట్టి తెచ్చుకోవాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఎల్మ్ కుటుంబానికే చెందిన పెద్ద మాను ఒకటి మన ఎండు అడవుల్లో ఎప్పటి నుంచో ఉంది. అదే నెమలినార, కొందరు నమిలినార అంటారు. శాస్త్రీయంగా హోలోప్టీలియా ఇంటిగ్రిఫోలియా. సామర్లకోటలో ఉంటూ కోరమండల్ తీరం మొక్కల్ని నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని మొదట ఎల్మ్ ప్రజాతిలోనే పెట్టి అల్మస్ ఇంటిగ్రిఫోలియా అన్నాడు. 1848లో ప్లాంషాన్ అనే ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త దీన్ని వేరే ప్రజాతిగా విడగొట్టాడు. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇప్పటికీ ఇండియన్ ఎల్మ్ అనే రాస్తారు. ఆయుర్వేదం వాళ్లకు ఇది చిరబిల్వ.

గుర్తుపట్టడం కష్టం కాదు. బెరడు బూడిద రంగులో ఉండి, ముదిరిన మాను మీద పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటుంది. ఆకు అంచుకు రంపపు పళ్లు ఉండవు, నున్నగా ఉంటుంది, రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తే ముఖం అటు తిప్పుకుంటారు. జనవరి, ఫిబ్రవరిలో ఆకు మొత్తం రాల్చేసి, బోడి కొమ్మల మీదే పూస్తుంది. పూలంటే రేకులు, రంగు, హంగు ఏమీ ఉండవు, కొమ్మకు అంటుకుని ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసిన చిన్న గుత్తులు, చెట్టు కింద నిలబడ్డవాళ్లు కూడా పూసిందని గమనించరు. ఆ తర్వాత కాయలు. రూపాయి బిళ్లంత గుండ్రని పల్చటి రెక్క, మధ్యలో ఒక చదునైన గింజ, కొసన చిన్న గాటు. ఎండాకాలంలో ఎండిపోయి, కాస్త గాలి వీస్తే చాలు వందల కొద్దీ గిరగిరా తిరుగుతూ ఎక్కడెక్కడికో పోతాయి. పిల్లలు రెక్క చింపి లోపలి పప్పు తింటారు.

వీధి చెట్టుగా దీని అసలు బలం క్యాలెండర్‌లో ఉంది. ఆకు రాల్చేది చలికాలం చివర, అప్పుడు ఎవరికీ నీడతో పని లేదు, పైగా ఎండ తగిలితే హాయి. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి కొత్త ఆకు వేసుకుని మే నెలలో, సరిగ్గా 45 డిగ్రీలు తాకే రోజుల్లో, దట్టంగా నిలబడుతుంది. చెల్క, మొరం నేలల్లో బతుకుతుంది, కరువును ఓర్చుకుంటుంది, కొట్టేసినా మొద్దు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఇవన్నీ ఉన్నా ఎవరూ దీన్ని పెద్దగా ఎందుకు పెట్టరంటే, పూలు కనపడవు, పండు లేదు, కట్టెకు పెద్ద ధర లేదు. బండి భాగాలకో, చౌక సామానుకో, దువ్వెనలకో వాడిన కట్టె అది. ఫొటోలో కూడా బాగా పడదు, అది వేరే సంగతి.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఇది కూడా అమ్మకపు ప్రకటన అవుతుంది. మొదటిది పుప్పొడి. నెమలినార గాలితో పరాగసంపర్కం చేసుకునే చెట్టు, అంటే గాల్లోకి పుప్పొడిని గుప్పిస్తుంది. ఉత్తర భారతంలో ఆస్తమా, అలర్జీ పేషెంట్లకు చేసే పరీక్షల్లో ఎక్కువగా తేలే పుప్పొడుల్లో ఇదొకటి. కాబట్టి ఆసుపత్రి ఆవరణలో, స్కూలు కిటికీల కింద, ఇరుకు కాలనీలో వరస కట్టి పెట్టడం తెలివైన పని కాదు. పార్కులో పదుల చెట్ల మధ్య రెండు మూడు ఉండటానికి, వీధి మొత్తం ఇదే ఉండటానికి చాలా తేడా ఉంది. రెండోది సైజు. ఇది 20 మీటర్ల దాకా లేచే మాను, కరెంటు తీగల కింద పెడితే ఏటా వానాకాలం ముందు లైన్ క్లియరెన్స్ పేరుతో నడినెత్తిన నరుకుతారు. అలా నరికిన చోట పుట్టుకొచ్చే కొత్త కొమ్మలు మానుకు పైపైనే అతికి ఉంటాయి, నాలుగేళ్లకు బరువెక్కి అవే ముందు విరుగుతాయి. తప్పు చెట్టుదని రాస్తారు. మూడోది ఆ రెక్కల కాయలు, సరిగ్గా వానలకు ముందు రాలి మోరీల్లో, డాబా మీది నీటి గొట్టాల్లో చేరతాయి.

మన దగ్గర గట్టిదనానికి ఎండ ఒక్కటే పరీక్ష అనుకోవడం పెద్ద పొరపాటు. హనుమకొండలో 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో కాలనీలు మునిగాయి, చుట్టూ సీసీ రోడ్డు వేసిన చోట చెట్టు మొదట్లో నీళ్లు దిగే దారి లేక వేర్లు ఊపిరాడక కుళ్లుతాయి. ఎండాకాలం అదే చెట్టుకు చుక్క నీరు అందదు. ఇటు గాలి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క సాయంత్రం గాలికి యాభై వేల దాకా చెట్లు కూలాయని అటవీ అధికారులు అంచనా వేశారు. అవి ఎవరో తెచ్చి పెట్టిన విదేశీ మొక్కలు కావు, అక్కడే పుట్టి పెరిగిన అడవి. వేర్లు లోతుకు పోలేని నేలలో ముసురుకు మట్టి నాని ఉన్నప్పుడు అంత గాలి కొడితే స్థానిక చెట్టు, పరాయి చెట్టు అన్న తేడా ఉండదు. స్థానిక చెట్టయితే చాలు, ఇంకేమీ చూడక్కర్లేదు అనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. రోడ్డు పక్క అడుగున్నర గుంతలో, కింద మొరం పలక మీద పెట్టిన మొక్కకు కూడా దాదాపు అదే గతి, వేర్లు దిగవు, పక్కకే పాకుతాయి.

స్థానికం అన్నంత మాత్రాన జబ్బు రాదనే భరోసా కూడా లేదు. 2021లో వేప చెట్లు రాష్ట్రమంతా కొసల నుంచి ఎండిపోవడం అందరూ చూశారు. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. వేపకే తెగులా అని జనం నివ్వెరపోయారు. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి కాబట్టి బతికిపోయాం. మళ్లీ చిగురించే శక్తి వేపకు లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఎల్మ్ కథలోనే ఉంది. ఊళ్లో నీడనిచ్చే పెద్ద చెట్లలో వేప వాటా ఎంతో ఒకసారి మీ వీధిలోనే లెక్కపెట్టి చూడండి, శాంటమోర్ చెప్పిన పది శాతం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఊరూరా పెట్టి తర్వాత వద్దన్న కోనోకార్పస్ చెట్టు గొడవ కూడా ఈ కోణంలో చూస్తేనే అర్థమవుతుంది. దాన్ని ఎవరో కుట్ర చేసి తేలేదు. 2015లో రాష్ట్రంలో హరితహారం అనే మొక్కలు నాటే పథకం మొదలైంది, ఆ తర్వాత 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం వచ్చి పెట్టిన మొక్కల్లో 85 శాతం బతకాలని, బతికించే బాధ్యత ప్రజాప్రతినిధులదీ అధికారులదీ అని పెట్టాయి. ఉద్దేశం మంచిదే. కానీ బతికిన మొక్కల లెక్క ఒక్కటే కొలమానమైనప్పుడు కింది ఉద్యోగి ఏం చేస్తాడు? మేక ముట్టనిది, నీళ్లు తప్పినా చావనిది, ఏడాది పొడుగునా పచ్చగా కనపడేది, తొందరగా ఎదిగేది వెతుక్కుంటాడు. కోనోకార్పస్ అచ్చం అలాంటిదే. ఆ కొలమానం ప్రకారం అది నిజంగానే గట్టి చెట్టు. నీటి పైపుల్లోకి వేర్లు దూరడం, పుప్పొడితో ఇబ్బందులు అనే ఫిర్యాదులు తర్వాత వచ్చాయి, గుజరాత్ 2023లో నిషేధించింది, మన దగ్గరా ఇక పెట్టొద్దన్నారు. అయితే కోనోకార్పస్ తీసేసి ఆ గుంతలన్నిటిలో ఇంకో ఒక్క జాతినే వరసగా దించితే జబ్బు మారలేదు, పేరు మారింది అంతే. ఆ ఒక్క జాతి నెమలినార అయినా సరే.

మరి ఎంపిక ఎలా చేయాలి? ముందు చెట్టును కాకుండా చోటును చూడాలి. పైన తీగలు ఉన్నాయా, పక్కన మోరీ ఎంత దూరం, నేల చెల్కనా రేగడినా, వాన పడితే నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి, రెండు గుంతల మధ్య దూరం ఎంత. పెద్ద మానులకు ఎనిమిది నుంచి పది మీటర్లన్నా ఎడం ఉండాలి. హంటర్ రోడ్డు, ములుగు రోడ్డు లాంటి చోట్ల తీగలు లేని వైపు వెడల్పు ఉంటే నెమలినార, చింత, వేప, కానుగ కలిపి పెట్టుకోవచ్చు, వరసగా ఒకే జాతి నాలుగు చెట్లకు మించకుండా. చింతను తక్కువ అంచనా వేస్తారు గానీ గాలికి దాని అంత మొండి చెట్టు తక్కువ, నెమ్మదిగా ఎదుగుతుందన్నదే కంప్లైంట్. కాలనీ సందుల్లో, తీగల కింద మానుల జోలికే వెళ్లొద్దు, రేల, పొగడ లాంటివి చాలు. నీళ్లు నిలిచే పల్లంలో, నాలాల దగ్గర ఏరుమద్ది. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు లాంటి చోట్ల పెద్ద మానును మట్టికట్ట మీద మాత్రం పెట్టొద్దు, వేర్లు దిగిన దారిలో, ముఖ్యంగా చెట్టు చచ్చి వేరు కుళ్లిన దారిలో, నీరు ఊరుతుంది, కట్టకు ఎడంగా గట్టి నేల మీద పెట్టుకోవాలి. డివైడర్ మీద మూడడుగుల మట్టిలో ఏ మాను పెట్టినా అన్యాయమే, అక్కడ పొదలు చాలు. కాకతీయ యూనివర్సిటీ, నిట్ లాంటి పెద్ద ఆవరణల్లో అయితే నెమలినారకు కావాల్సినంత చోటు ఉంది, దాని పూర్తి ఆకారం చూడాలంటే అలాంటి చోటే కావాలి.

గుల్మొహర్, పచ్చ తురాయి గురించి ఒక మాట. ఎర్రగా, పసుపుగా పూసినప్పుడు ఊరికి కళ వస్తుంది, కాదనలేం. కానీ కట్టె పెళుసు, దుమారం వచ్చిన మర్నాడు రోడ్డు మీద పడి ఉండేవాటిలో ఇవే ముందుంటాయి. పార్కు మధ్యలో పెట్టండి, పార్కింగ్ పక్కన పెట్టొద్దు. ఏడాకుల చెట్టు సంగతి కూడా తెలిసిందే, అక్టోబరు, నవంబరు రాత్రుల్లో ఆ పూల ఘాటు కొందరికి తలనొప్పి, వరసకు వరస పెట్టిన వీధిలో ఉండేవాళ్లను అడిగితే చెబుతారు.

నెమలినారలో ఎల్మ్‌లకు ఉన్నట్టు పేరున్న రకాలు లేవు, ప్రిన్స్‌టన్ కావాలి, లోబెల్ కావాలి అని అడిగి తెచ్చుకునే వీలు లేదు. గింజ మొక్కలే. కొందరికి ఇది లోపంగా కనిపించవచ్చు, నిజానికి లాభమే, ఎందుకంటే ఒక్కో గింజ మొక్క ఒక్కో రకంగా ఉంటుంది, ఒకే చెట్టుకు అచ్చు నకళ్లలా ఉండే అంటు మొక్కల్ని ఒకే జబ్బు తుడిచిపెట్టినట్టు వీటిని తుడిచిపెట్టడం కష్టం. అయితే రకం ఎంచే పని తల్లి చెట్టు దగ్గర చేయాలి. ఒక్క చెట్టు కింద ఊడ్చుకొచ్చిన గింజతో నర్సరీ మొత్తం నింపకుండా, దూరదూరంగా ఉన్న పది పదిహేను చెట్ల నుంచి తీసుకోవాలి. ఎలాంటి చెట్లు? మాను నిటారుగా రెండు నిలువుల ఎత్తు దాకా చీలకుండా లేచినవి, కొమ్మలు మానుకు వెడల్పు కోణంలో అతికి ఉన్నవి. రెండు సమాన లావు కొమ్మలు ఇరుకుగా వి ఆకారంలో లేచిన పంగను దగ్గరగా చూడండి. మధ్యలో బెరడు లోపలికి ఇరుక్కుని ఒక నల్లటి గీత కనిపిస్తుంది, అక్కడ కట్టె కట్టెతో అతకలేదన్నమాట, ఎప్పటికైనా చీలేది అక్కడే. అలాంటి చెట్టు గింజ వద్దు. ఎండ దెబ్బకు మే నెలలోనే ఆకు వాడేసే చెట్టు గింజ కూడా వద్దు.

తర్వాత నర్సరీ. మొక్క ఎత్తు చూసి మురిసిపోవడం మనకు అలవాటు, చూడాల్సింది కింద. నల్ల పాలిథిన్ కవర్లో ఏడాదికి మించి ఉన్న మొక్క వేర్లు అడుగు తగిలి గుండ్రంగా చుట్టుకుపోతాయి. కవర్ కోసి చూస్తే పేనిన తాడులా కనిపించే ఆ చుట్టు నేలలో దించినా విడిపోదు, మొక్క లావెక్కే కొద్దీ ఆ వేరే దాని మెడకు ఉచ్చవుతుంది. పదేళ్ల చెట్టు పెద్ద గాలేమీ లేకుండానే మొదలంటా పక్కకు ఒరిగిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. కాబట్టి లాట్‌లో నాలుగు కవర్లు కోసి చూడకుండా తీసుకోవద్దు. అప్పటికే తెచ్చేసి ఉంటే, చుట్టుకున్న అడుగు భాగాన్ని కత్తితో కోసేసి, పక్కల రెండు మూడు చోట్ల నిలువుగా గాట్లు పెట్టి దించాలి. మొక్క వారం రోజులు వాడినట్టుంటుంది, కంగారు పడక్కర్లేదు. ఇక కవర్ తీయకుండా గుంతలో పడేసే మహానుభావులు ఇంకా ఉన్నారు, వాళ్ల గురించి ఏం రాసినా తక్కువే.

గుంత మూడడుగులు లేకపోయినా రెండడుగులు పొడవు, వెడల్పు, లోతు ఉండాలి, అడుగున మొరం పలక తగిలితే గడ్డపారతో పగలగొట్టాలి. తీసిన మొరమే మళ్లీ నింపకుండా చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి నింపాలి, చెద ఉన్న చోట వేప పిండి కాస్త ఎక్కువ వేయాలి. ట్రీ గార్డు పెట్టి మర్చిపోవడం ఇంకో జాడ్యం, ఇనుప కమ్మీ మానులోకి కోసుకుపోయిన చెట్లు ఊళ్లో చాలానే కనిపిస్తాయి. మూడేళ్లు నిండగానే తీసేయాలి. మొదటి మూడు ఎండాకాలాలు ట్యాంకర్ తప్పకూడదు, రోజూ చెంబెడు పోసే బదులు వారానికోసారి గుంత నిండా పోస్తే వేరు లోతుకు దిగుతుంది.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని కత్తిరింపు, దానికే మన బడ్జెట్లలో పద్దు ఉండదు. వ్యాలీ ఫోర్జ్ విషయంలో అమెరికా వాళ్లు నేర్చుకున్నదీ ఇదే. మొక్క రెండో ఏడు నుంచి ఆరో ఏడు దాకా, ఏడాదికి ఒకసారి, ఆకు రాలిన జనవరి, ఫిబ్రవరిలో, పైకి పోయే కొమ్మల్లో ఒక్కదాన్నే దొరగా ఉంచి పోటీకి వచ్చేవాటిని తగ్గించాలి. బొటనవేలంత లావున్నప్పుడు కత్తెరతో అర నిమిషం పని అది. అదే పంగ పదిహేనేళ్ల తర్వాత చీలితే క్రేను, రంపం, ట్రాఫిక్ జామ్, కింద నలిగిన ఆటో. మున్సిపాలిటీకి గ్రీన్ బడ్జెట్ కింద పది శాతం పక్కన పెట్టాలని చట్టమే చెబుతోంది కాబట్టి, అందులోంచి ఇద్దరు మనుషులకు ఈ పని నేర్పించి డివిజన్ల వారీగా తిప్పడం పెద్ద ఖర్చేమీ కాదు. ఆ ఇద్దరి దగ్గర ఒక రిజిస్టర్ ఉండి, ఏ వీధిలో ఏ జాతి ఎన్ని ఉన్నాయో రాసుకుంటే వచ్చే ఏడాది ఇండెంట్ దాన్నిబట్టే రాయొచ్చు. జబ్బు తగిలిన చెట్టు కూడా మొదటి వారంలోనే కంట పడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల పక్కన ఇప్పటికీ వేల ఎల్మ్‌లు నిలబడి ఉండటానికి మంచి రకాలు ఎంత కారణమో, ఏటా తిరిగి చూసి జబ్బు చెట్టును వెంటనే తీసేయడం కూడా అంతే కారణం.

నెమలినార గింజ ఎక్కువ కాలం నిల్వ ఉండదు, ఏప్రిల్, మే నెలల్లో రాలినవి ఏరి రెక్కలు నలిపేసి ఆ నెలలోనే మడిలో పోసుకోవాలి. అంటే వచ్చే వానాకాలానికి నర్సరీలో ఈ మొక్క కావాలనుకునేవాళ్లు తల్లి చెట్లను ఈ చలికాలంలోనే, ఆకు రాలి పంగలు స్పష్టంగా కనిపించేటప్పుడే, చూసి గుర్తు పెట్టుకోవాలి.